పౌర్ణమి నాటి నూడుల్స్

మా అత్తగారికి అబద్ధం చెప్పాలని నేను చెప్పలేదు. ఆవిడ అడిగారు, నేను "ఊఁ" అన్నాను, అంతే. ఆ ఒక్క "ఊఁ" నాలుగు నెలలు నడిచింది. చివరికి నా కారు డిక్కీలో మూడు కొబ్బరికాయలు దొర్లేదాకా వచ్చింది.

మేముండే ట్రాయ్ ఊళ్ళో, ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక వియత్నాం హోటలు ఉంది. ఒక పక్క లాండ్రీ, ఇంకో పక్క టాక్స్ ఆఫీసు, మధ్యలో ఇరుక్కుని ఇది. మొత్తం పది బల్లలుంటాయేమో. ప్రతి బల్ల మీదా ఒక స్టీలు డబ్బా, అందులో చాప్‌స్టిక్‌లు, స్పూన్లు, పక్కన రెండు సాసు సీసాలు. శనివారాలు కూర్చోడానికి చోటు దొరకదు. వారం మధ్యలో మధ్యాహ్నం వెళితే మాత్రం ఓ నలుగురు ముసలాళ్ళు, నేను. నాకు బుధ, గురువారాలు ఇంటి నుంచే ఆఫీసు పని. మధ్యాహ్నం గంటసేపు లంచ్ బ్రేక్. ఆ గంట నాది, దాని జోలికి ఎవరొచ్చినా ఊరుకునే మనిషిని కాను. మిగతా రోజుల్లో కావాలంటే మేనేజర్‌ని బతిమాలుకుని మరీ లంచ్‌కి బయటపడతాను.

పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టినదాన్ని కాదు. మొదటిసారి ఆ హోటలుకి వెళ్ళినప్పుడు "ఫో, నో మీట్" అని ఆర్డర్ చేశాను. ఫో అంటే పెద్ద గిన్నె నిండా వేడి చారు, అందులో బియ్యప్పిండి నూడుల్స్. ఒక్క ముక్క మాంసం లేకుండా తెచ్చిపెట్టారు. ఎంత బాగుందంటే గిన్నె ఎత్తి తాగేశాను. ఆ రుచి ఎక్కడ్నించి వచ్చిందని మాత్రం అడగలేదు. ముక్క కనబడకపోతే చాలు అది శాకాహారమే అనుకోవడం మనవాళ్ళకి పుట్టుకతో వచ్చిన అమాయకత్వం. మూడోసారి వెళ్ళినప్పుడు ఆ హోటలు ఓనరమ్మ నా బొట్టు వైపు కాసేపు చూసి, "యూ వెజిటేరియన్?" అంది. అవునన్నాను. ఆవిడ చెయ్యి నుదుటికేసి కొట్టుకుంది. "దిస్ సూప్, బోన్! బీఫ్ బోన్! ట్వెల్వ్ అవర్ బోన్!"

స్పూను కింద పెట్టేశాను. ఆ మూడు గిన్నెల సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఓనరమ్మకి డెబ్బై దగ్గర పడి ఉంటాయి. పొట్టి మనిషి, ఊదా రంగు స్వెట్టరు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. నన్ను చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడ రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉంది. ఇంగ్లీషు తేదీ కింద చిన్న అక్షరాలతో చంద్రుణ్ణి బట్టి లెక్కించే తేదీ కూడా ఉంది. కాగితాలు ఎత్తి రెండు చోట్ల వేలు పెట్టి చూపించింది. ఒకటి పౌర్ణమి, ఇంకొకటి అమావాస్య. "దిస్ డే, దిస్ డే, నో మీట్. బుద్ధ డే. ఐ కుక్ వెజిటేరియన్, ఐ ఈట్ వెజిటేరియన్. యూ కమ్."

అప్పటినుంచి నెలకి రెండుసార్లు వెళ్ళేదాన్ని. ఆ రెండు రోజులూ ముల్లంగి, క్యారెట్, ఎండు పుట్టగొడుగులు, కాల్చిన అల్లం, అనాసపువ్వు, దాల్చినచెక్క వేసి గంటల తరబడి మరిగించిన చారు ఉండేది. మన బిర్యానీ దినుసులే, ఇక్కడ చారులో దిగాయి. అందులో వెడల్పాటి నూడుల్స్, వేయించిన టోఫు. పక్కన పళ్ళెంలో పెసర మొలకలు, నిమ్మచెక్క, చక్రాల్లా కోసిన పచ్చిమిర్చి, ఇంకా వాళ్ళ తులసి. అది మన తులసికి పినతల్లి కూతురనుకోండి, కొంచెం సోంపు వాసన కూడా వేస్తుంది. ఆకులు తుంచి చారులో పడేస్తే ఆవిరితో పాటు ఆ వాసన మొహానికి తగులుతుంది. బయట మంచు మోకాలెత్తున ఉన్నా సరే, ఆ గిన్నె ముందు కూర్చుంటే నాకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు. నా సంగతి తెలిసినవాళ్ళకి అదెంత పెద్ద మాటో తెలుస్తుంది.

ఈ రోజులు మర్చిపోకుండా వంటింట్లో తెలుగు క్యాలెండర్‌లో చూసుకుని బయల్దేరేదాన్ని. అది మా అత్తగారి కంట పడింది.

మావయ్యగారు పోయాక ఆవిడ మా దగ్గరికి వచ్చేశారు. గ్రీన్‌కార్డ్ ఎప్పుడో వచ్చి ఉంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఫిబ్రవరి వచ్చేసరికి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో ఆవిడ తిన్న తిండి నేను రెండు వారాల్లో తినేస్తాను. పొద్దున సగం గ్లాసు కాఫీ, మధ్యాహ్నం నాలుగు ముద్దల మజ్జిగన్నం. ఇంకేం పెట్టినా "ఇప్పుడే కదమ్మా తిన్నాను" అనేవారు. జాకెట్లు వదులైపోతే రెండుసార్లు కుట్లు బిగించాను. మూడోసారి బిగించడానికి చోటే లేదు. కందిపచ్చడి చేశాను, పనసపొట్టు కూర చేశాను, చివరికి మజ్జిగలో ప్రొటీన్ పౌడర్ కలిపి దొరికిపోయాను. డాక్టరు, వచ్చే నెల చెకప్‌కి బరువు ఇంకా తగ్గితే హాస్పిటల్‌లో చేర్చుకుని ట్యూబ్ ద్వారా తిండి పెట్టాల్సి రావచ్చని చెప్పాడు. "డిప్రెషన్ అయ్యుంటుంది, కొంచెం టైమ్ ఇద్దాం" అన్నారు మా ఆయన. టైమ్ ఇవ్వడానికి ఆవిడ ఒంట్లో ఇంకేం మిగిలిందని నేను ఎగిరాను.

నిజం చెప్పాలంటే నాకు కోపంగా ఉండేది. వండిన చేతికి అది అవమానంగా తోచేది. నేను చేసింది నచ్చక తినడం లేదని, పైకి అనరు కానీ లోపల అదేనని పెట్టుకున్నాను. పళ్ళెం తీసేటప్పుడు కాస్త చప్పుడు చేసేదాన్ని కూడా.

ఆవిడ వచ్చిన మూడో నెలలో ఓసారి క్యాలెండర్ చూసి కారు తాళాలు తీసుకుంటుంటే, "గుడికా అమ్మాయ్?" అని అడిగారు. ఊఁ అన్నాను. నేను నోరూరించుకుంటూ నూడుల్స్ తినడానికి పోతున్నానని, నాలుగు ముద్దలు తిని లేచిన మనిషితో ఎలా చెప్పను? ఆ పై పౌర్ణమికి ఒక కొబ్బరికాయ చేతికిచ్చారు. "అర్చన చేయించు" అన్నారు. అలా మొదలయ్యాయి కొబ్బరికాయలు. ఇంట్లోకి తేలేను, పారెయ్యలేను.

ఆ ఫిబ్రవరి పౌర్ణమికి నేను కిందికి దిగేసరికి మా అత్తగారు నేత చీర కట్టుకుని, దాని మీద మా ఆయన పాత జాకెట్ తొడుక్కుని, సోఫాలో తయారుగా కూర్చుని ఉన్నారు.

"ఇవాళ నేనూ వస్తాను," అన్నారు.

ఏడు నెలల్లో డాక్టరు దగ్గరికి తప్ప గడప దాటని మనిషి. వద్దని ఎలా అంటాను? సరే, నూడుల్స్ పోతే పోయాయి, నిజంగానే గుడికి తీసుకెళ్దామని కారు అటు తిప్పాను. తీరా వెళ్తే తలుపులకి తాళం. వారం మధ్యలో మధ్యాహ్నం గుడి మూసేస్తారు, మళ్ళీ సాయంత్రమే తెరవడం. బోర్డు మీద తెలుగులో కూడా రాసి ఉంది. అత్తగారు ఆ మంచులో నిలబడి బోర్డు మొత్తం చదివారు.

"నువ్వెప్పుడూ ఈ టైమ్‌కే వస్తావుగా?" అన్నారు.

తల దించుకున్నాను. కార్లో కూర్చున్నాక హీటర్ పెట్టి అంతా చెప్పేశాను, మూడు బీఫ్ గిన్నెలు తప్ప. తిడతారనుకున్నాను. తిడితే నేనూ నాలుగు మాటలు అందామని లోపల సిద్ధంగానే ఉన్నాను.

ఆవిడ సీటు బెల్టు పెట్టుకున్నారు. "పోనీ, నువ్వు వెళ్ళే చోటికే పద. నువ్వైనా తిందువుగాని, ఆకలితో ఉన్నావు."

హోటల్లో కుర్చీ అంచున కూర్చున్నారు, బల్లకి చీర తగలకుండా కొంగు ఒళ్ళోకి లాక్కుని. ఎవరెవరు ఏమేం తిన్న బల్లో అని ఆవిడ అనుమానం. ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా ముందు పెట్టుకున్నారు. ఓనరమ్మ నన్ను చూసి, "ఆఁ, ఫుల్ మూన్ లేడీ!" అంది. మా అత్తగారిని చూసి, "మదర్?" అని అడిగింది.

"మదర్ ఇన్ లా."

"షీ ఈట్?"

"నో," అన్నాను.

"సిక్?"

"హజ్బెండ్ డైడ్," అన్నాను. ఓనరమ్మ మా అత్తగారి భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

నా గిన్నె వచ్చింది. నిమ్మచెక్క పిండుకుంటుంటే, ఓనరమ్మ ఇంకో గిన్నె పట్టుకుని గల్లాపెట్టె వెనక్కి వెళ్ళడం చూశాను. అక్కడ గోడకి ఎత్తుగా ఒక అర, ఆ అరలో టోపీ పెట్టుకుని నవ్వుతున్న ఒక సన్నటి మనిషి ఫోటో ఉన్నాయి. ఎన్నోసార్లు చూశాను కానీ ఎప్పుడూ పట్టించుకోలేదు. ఓనరమ్మ స్టూలెక్కి, ఫోటో ముందు గిన్నె పెట్టి, దాని పక్కన చాప్‌స్టిక్‌లు సర్ది, గ్లాసుతో కాఫీ పెట్టింది. మూడు అగరొత్తులు వెలిగించి, రెండు చేతుల్లో పట్టుకుని మూడుసార్లు వంగి దణ్ణం పెట్టింది.

అగరొత్తుల వాసనకి మా అత్తగారు తల తిప్పారు. అలా చూస్తూనే ఉండిపోయారు.

"ఎవరమ్మాయ్ ఆయన?"

ఓనరమ్మ ఇటు వచ్చినప్పుడు అడిగాను. "మై హజ్బెండ్," అంది. తొమ్మిది వేళ్ళు చూపించింది. "నైన్ ఇయర్. ఫుల్ మూన్, హీ ఈట్ ఫస్ట్. దెన్ మీ."

తెలుగులో చెప్పాను. తొమ్మిదేళ్ళ నుంచి ప్రతి పౌర్ణమికీ ఆయనకి పెట్టాకే తను తింటుందట అని.

మా అత్తగారు నా వైపు తిరిగారు. "ఇవాళ మీ మావయ్యగారి తిథి అమ్మాయ్. పౌర్ణమి నాడే కదా పోయారు."

ఆయన పోయిన ఇంగ్లీషు తేదీ నాకు తెలుసు. నెలనెలా ఆ తేదీకి ఫోటోకి దండ వేస్తున్నాను కూడా. పౌర్ణమి ఎప్పుడొస్తుందా అని క్యాలెండర్ పేజీలు తిప్పినదాన్ని, ఆ పౌర్ణమి ఎవరిదో ఒక్కసారీ ఆలోచించలేదు. కొబ్బరికాయలు ఎవరికోసం ఇచ్చారో అప్పుడు తెలిసింది.

"మనిషి పోయాక మొదటి ఏడాది అంతా నెలకోసారి మాసికం పెట్టి, ఆయన పేరున భోజనం పెట్టాలి," అన్నారావిడ, ఎవరికో పాఠం చెబుతున్నట్టు మెల్లగా. "మనం ఏడాది మాసికాలూ పన్నెండో రోజునే కలిపి పెట్టేశాం. శాస్త్రంలో వీలుందని పంతులుగారు అన్నారు, ఉండే ఉంటుంది. కాని నాకే... అమ్మాయ్, ఏడాది తిండి ఒక్క పూటలో పెట్టేసి ఆ మనిషిని పంపించేశాం. ఇక నేను మాత్రం రోజుకి మూడు పూటలా కూర్చుని ఎలా తినను? ముద్ద ఎత్తితే ఆయనే గుర్తొస్తారు. వంట బాగాలేక కాదు. నీ కందిపచ్చడి నిజంగా చాలా బాగుంది."

సిగ్గేసింది. పళ్ళేలు చప్పుడు చేస్తూ తీసిన రోజులన్నీ వరసగా గుర్తొచ్చాయి.

ఆవిడే అడిగారు. "మీ మావయ్యగారికి కూడా ఒకటి పెట్టమని అడుగుతావా? ఉల్లీ వెల్లుల్లీ వేశారేమో కనుక్కో. మాసికం వంటలో అవి ఉండకూడదు."

ఓనరమ్మని అడిగాను. ఆవిడ రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "నో ఆనియన్! నో గార్లిక్! ఫుల్ మూన్, నెవర్!" అంటూ మా అత్తగారిని లేవదీసి వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్ళింది. మూలగా, తక్కిన పొయ్యిలకి దూరంగా, నీలం మూతతో ఒక గిన్నె విడిగా ఉంది. మూత తీసి చూపించింది. పక్కనే దానికి వేరే గరిటె. మా అత్తగారు గిన్నెలోకి తొంగిచూసి, గరిటెని చూసి, నా వైపు తిరిగారు.

"ఈవిడకి మడి తెలుసే!" అన్నారు.

మా బల్ల దగ్గర ఖాళీగా ఉన్న ఒక కుర్చీని ఓనరమ్మ కొంచెం వెనక్కి లాగింది, ఎవరో వచ్చి కూర్చోబోతున్నట్టు. దాని ముందు గిన్నె పెట్టి, చాప్‌స్టిక్‌లు పెట్టింది. మా అత్తగారు ఆ చాప్‌స్టిక్‌లు తీసి పక్కన పెట్టేశారు. "ఆయన చేత్తోనే తింటారు." నేను చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు, ఓనరమ్మ "ఆఁ, హ్యాండ్!" అని వెళ్ళి చెయ్యి కడుక్కోడానికి ఒక చిన్న గిన్నెతో నీళ్ళు తెచ్చిపెట్టింది.

అత్తగారు నిమ్మచెక్క మొత్తం పిండారు. "పులుపు చాలకపోతే గొణుగుతారు." పచ్చిమిర్చి మూడు చక్రాలు వేశారు, ఆలోచించి ఒకటి తీసేశారు. "అల్సరు కదా." తులసి ఆకులు వాసన చూసి వేశారు. నీళ్ళ సీసాలోంచి అరచేతిలోకి నీళ్ళు తీసుకుని గిన్నె చుట్టూ తిప్పి, కళ్ళు మూసుకున్నారు. పక్క బల్ల మీది ముసలాయన తినడం ఆపి మమ్మల్నే చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను. ఓనరమ్మ గల్లాపెట్టె దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

గిన్నె మీద ఆవిరి పలచబడి, పూర్తిగా ఆగిపోయేదాకా మేం ముగ్గురం అలాగే ఉన్నాం. అప్పుడు ఓనరమ్మ వచ్చి ఆ గిన్నెని మా అత్తగారి ముందుకి జరిపింది. "నౌ యూ," అంది.

అత్తగారు తిన్నారు. మొదట స్పూనుతో చారు, ఆ తరవాత ఫోర్కు అడిగి నూడుల్స్. అవి జారిపోతుంటే "ఇదేమిటే, పాముల్లా పారిపోతున్నాయి" అని విసుక్కున్నారు. విసుక్కోవడం విని ఎన్నాళ్ళయింది! టోఫు ముక్క కొరికి, "పనీరా?" అన్నారు. కాదు, సోయా అన్నాను. "పనీరు కంటే నయం, నోట్లో అతుక్కోదు." పెసర మొలకలు కరకరా నమిలారు. నుదుటి మీద చెమట పడితే కొంగుతో తుడుచుకుని మళ్ళీ వంగారు. చల్లారిపోయిన చారు, ఉబ్బిపోయిన నూడుల్స్. ఆవిడ ముక్క వదల్లేదు. నా గిన్నె ముట్టుకోకుండా నేను ఆ తినడమే చూస్తూ కూర్చున్నాను. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నీళ్ళేం ఖర్మ, ఏడ్చాను.

ఆగలేక చెప్పేశాను. "అత్తయ్యా, మాసికాలు కలిపి పెట్టించమన్నది పంతులుగారు కాదు. నేనే. మీ అబ్బాయికి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, లీవ్ రెండు వారాలే. ఫోన్ చేసి నేనే అడిగాను, అన్నీ ఒకేసారి అయిపోయేలా చూడండని. ఆయనకి కూడా తెలియదు."

మా అత్తగారు గిన్నెలోంచి తల ఎత్తలేదు. అడుగున మిగిలిన తులసాకు ఒకటి స్పూనుతో తీసి నోట్లో వేసుకున్నారు.

"తెలుసు. నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే నేను పక్క గదిలో పడుకునే ఉన్నాను."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"అంటే నువ్వు ఊరుకుంటావా? ఇల్లు పీకి పందిరేస్తావు," అన్నారు. నా గిన్నె నా వైపు జరిపారు. "సెలవు వాడిది, తొందర నీది, బెంగ నాది. ఎవర్ని అనను చెప్పు? ఏడుపు ఆపి తిను ముందు. పొద్దుటి నుంచి నువ్వేం తినలేదు."

నేను ముక్కు తుడుచుకుని తినడం మొదలుపెట్టాను. ఆవిడ ఖాళీ గిన్నెలోకి ఒకసారి చూసుకున్నారు. గల్లాపెట్టె వైపు చూశారు. తరవాత నా మోచేతిని వేలితో పొడిచారు.

"ఆవిణ్ణి ఇంకో గిన్నె పెట్టమను," అన్నారు మెల్లగా. "ఇది ఆయనది. ఇప్పుడు నాకు ఆకలేస్తోంది."